అత్తయ్యకిచ్చిన జబ్బులు

ఇంట్లో డాక్టరు చదువుతున్న కోడలుంటే అదృష్టమని అందరూ అంటారు. అనేవాళ్ళకేం, నోరుంది కాబట్టి అంటారు. పొద్దున్నే పంచదార డబ్బా మూత తీస్తే దాని లోపలివైపు 'గుండెపోటు' అని రాసి అంటించిన కాగితం కనబడితే, అప్పుడు వాళ్ళని మాట్లాడమనండి.

నేను లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను. లెక్కలు బాగానే చెప్పేదాన్ని గానీ, నాకు పేరు తెచ్చింది మాత్రం పరీక్ష హాల్లో కాపలా. చీటీ ఎక్కడ దాచినా నా కంట్లో పడాల్సిందే. చొక్కా చేతి మడతలో, చెప్పు అట్ట కింద, స్కేలు వెనక, రిబ్బను ముడిలో, ఎక్కడైనా సరే. పిల్లలు నన్ను చాటుగా 'డేగ' అనేవాళ్ళు. ఆ సంగతి నాకు తెలియదనుకునేవాళ్ళు, వెర్రి వెధవలు. చీటీ ఉన్నవాడి మొహం చూస్తేనే నాకు తెలిసిపోయేది. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా కూర్చునేవాడు. అలాంటి నాకు, ఈ వయసులో, నా ఇంట్లోనే, ఎటు తిరిగినా చీటీలే.

మావాడు కరెంటు సబ్‌స్టేషన్‌లో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. ఈ అమ్మాయిని తనే ఇష్టపడి చేసుకున్నాడు. పిల్ల మంచిదే, చిన్నాపెద్దా తెలుసు. తల్లి లేదు. ఇంటరు చదివేటప్పుడే పోయిందట. ఏం జబ్బు చేసిందని పెళ్ళి మాటలప్పుడు నేను సూటిగా అడిగితే, వాళ్ళ నాన్న "ఏదోలెండి, ఒంట్లో బాగోక" అని కిటికీ వైపు చూశాడు. జబ్బుకి పేరుండదా? అప్పుడే నాకు అనుమానం తగిలింది. "పోయినావిడ గురించి అంత తరచి తరచి అడుగుతావేమే" అని మా ఆయన గసిరారు. ఊరుకున్నాను. ఊరుకున్నానంతే, మర్చిపోలేదు.

కోడలిది ఆఖరి సంవత్సరం. రాత పరీక్షలన్నీ పాసైంది. వార్డులో నిజం రోగి దగ్గర నిలబెట్టి, ఒళ్ళు పరీక్ష చేసి జబ్బేమిటో చెప్పమనే పరీక్ష ఒకటుంటుంది. అందులో తప్పింది. మళ్ళీ హాజరు కావాలి. ఈసారి కూడా తప్పితే, తోటివాళ్ళు డాక్టర్లై తిరిగే వార్డుల్లో ఈ పిల్ల ఇంకా పుస్తకం పట్టుకుని గోడవారన నిలబడాలి. "ఏమడిగారే?" అంటే "నోరు పెగల్లేదు అత్తయ్యా" అంది. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. పొద్దస్తమానం వసపిట్టలా మాట్లాడే పిల్లకి నోరు పెగలకపోవడమేమిటి? నాకు నమ్మబుద్ధి కాలేదు.

దాని చదువు చూస్తే మటుకు జాలేస్తుంది. పొద్దున వార్డు, మధ్యాహ్నం మళ్ళీ వార్డు, ఇంటికొచ్చాక దిండంత పుస్తకాలు. ఆ పుస్తకాన్ని ముందు నోట్సుగా రాస్తుంది. ఆ నోట్సుని కాచి వడబోసి ఒక పేజీ చేస్తుంది. ఆ పేజీని మళ్ళీ పిండి అరచేతిలో పట్టే చీటీ చేస్తుంది. ఎర్ర సిరా, నీలం సిరా, పచ్చ సిరా. ఆ చీటీలు ఇల్లంతా అంటిస్తుంది. గుండె వంటింట్లో, ఊపిరితిత్తులు కిటికీ దగ్గర, ఎముకలు మెట్ల పక్క గోడకి, చర్మం బట్టల బీరువా తలుపుకి. ఏ చీటీ అయినా పూర్తిగా వచ్చేస్తే గోడ మీంచి పీకి పెట్టెలో వేస్తుంది.

ఆ పెట్టె మా ఆయన చేసిచ్చారు. ఆయన తపాలా ఆఫీసులో ఉత్తరాలు విడగొట్టే పని చేశారు. ఏ వీధి ఉత్తరం ఆ గడిలో పడాలి, అదొక్కటే ఆయనకి తెలిసిన విద్య. కోడలు కాగితాల మధ్య కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే చూసి, పాత చెక్కపెట్టెలో అట్టముక్కలతో గడులు కట్టి, ఒక్కో గడి మీద ఒక్కో పేరు రాసిచ్చారు. నా పుట్టినరోజుకి ఒక్క స్టూలు కూడా చేసివ్వని మనిషి.

మొదట్లో నా అనుమానం మామూలుదే. ఇన్ని చీటీలు, ఇంత చిన్న అక్షరాలు. చీటీ రాసే చెయ్యి ఎందుకు రాస్తుందో నాకు తెలియదా? ఒకరోజు దాని తెల్లకోటు ఉతకడానికి తీసినప్పుడు జేబులు తిరగేశాను. ఒక దూది ఉండ, రెండు పెన్నులు, బస్సు టిక్కెట్టు. చీటీ లేదు. గుమ్మంలో నిలబడి చూస్తోంది కోడలు.

"కాపీ చీటీల కోసం వెతుకుతున్నారా అత్తయ్యా?"

"ఉతికేముందు జేబులు చూడరా ఏం?"

"మా పరీక్షలో చీటీ పనికిరాదత్తయ్యా. రోగి ముందు నిలబడి చీటీ తీస్తే ఆ రోగే లేచి పారిపోతాడు" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత మొదలైంది అసలు వ్యవహారం. సాయంత్రాలు మామాకోడళ్ళిద్దరూ బాల్కనీలో కుర్చీలేసుకుని గుసగుసలు. నేను టీ పట్టుకెళ్తే టక్కున ఆపేసేవాళ్ళు. కోడలు చీటీని ఒళ్ళో తిప్పి పెట్టేది. మా ఆయన ఆకాశంలోకి చూసేవారు. ఆ మనిషి నోట్లో నువ్వుగింజ నానదు. ఎదురింటివాళ్ళ గొడవలు కూడా నాకు పూస గుచ్చినట్టు చెబుతారు. అలాంటాయన, "ఏంటి మాట్లాడుకుంటున్నారు?" అంటే "ఏదో, చదువు సంగతులే" అని చప్పరించి వదిలేశారు. నిప్పు లేనిదే పొగ రాదు.

ఒకరోజు మధ్యాహ్నం అందరూ బయటికెళ్ళినప్పుడు గోడలన్నీ వరసగా చదువుకుంటూ వచ్చాను. చదవడం తప్పయితే గోడకెందుకు అంటించడం? మెట్ల దగ్గర మొదటి చీటీ: 'మామయ్య. కాలి బొటనవేలు వాచి ఎర్రబడింది. దుప్పటి తగిలినా ఓర్చుకోలేడు.' నాకేమీ అర్థం కాలేదు. ఆయన బొటనవేలు రాయిలా ఉంటుంది. కిటికీ దగ్గర మావాడి పేరు మీద దగ్గు. బీరువా తలుపు మీద ఇంటి ఓనరుకి గజ్జి. ఓనరుకి గజ్జి ఉన్నట్టు నాకు చెప్పనేలేదే అనుకుంటూ తలుపు తెరిచాను. లోపల నా పేరు.

'అత్తయ్య. లావు. ఆడమనిషి. నలభై దాటింది. నూనె సరుకు తిన్నాక కుడి డొక్కలో నొప్పి.'

నా ఒళ్ళు మండిపోయింది. నేను లావా? ఎముకలు పెద్దవి, అంతే. ఆ కోపంలోనే నా పేరు కోసం ఇల్లంతా వెతికాను. ఉంది. చాలా ఉంది. అద్దం వెనక: 'అత్తయ్య. కోపం, చెమటలు, చేతుల వణుకు. ఎంత తిన్నా సన్నబడుతుంది.' పంచదార డబ్బాలో గుండెపోటు కూడా నాదే, కింద చిన్నక్షరాల్లో రాసి ఉంది. లెక్కల మనిషిని కదా, ఒక చోట లావు, ఇంకో చోట సన్నం, రెండూ ఎలా కుదురుతాయని ఆలోచించాను. ముందు లావుగా ఉంటాను, తర్వాత సన్నబడతాను. వరస కుదిరింది. కుదిరాక భయమేసింది.

ఆఖరి చీటీ ఫ్రిజ్ పక్కన ఉంది. ఎర్ర సిరా. 'అత్తయ్య. క్లోమంలో గడ్డ. నొప్పి లేని కామెర్లు. ఒళ్ళంతా దురద. పట్టుబడేసరికి ఆలస్యం. ఏడాది కష్టం.'

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. నీళ్ళు తాగుదామంటే లేవబుద్ధి కాలేదు.

ఒక్కొక్కటే గుర్తుకు రాసాగాయి. కిందటి నెల కోడలు నా చెయ్యి కట్టి రక్తం తీసుకెళ్ళింది. "రిపోర్టు బాగానే ఉంది అత్తయ్యా" అని నోటితో చెప్పిందే గానీ కాగితం చూపించలేదు. ఆ తర్వాత నుంచి వీలు దొరికితే చాలు, "అత్తయ్యా, వెలుతురులోకి రండి, కిందికి చూడండి" అని నా కంటి రెప్ప పైకి లాగి చూస్తోంది. గోళ్ళు చూస్తోంది. నాలుక చాపమంటోంది. ప్రాక్టీసు కోసమంది. ప్రాక్టీసయితే వాళ్ళాయన కళ్ళు లేవూ? పైగా మావాడు. పుట్టి బుద్ధెరిగిన తర్వాత నా చేతిలో సంచి అందుకోని మావాడు మొన్న మార్కెట్టు సంచి అందుకున్నాడు. నా మంచం మీదికి కొత్త దిండు తెచ్చాడు. మెత్తటి దిండు. చావబోయే మనిషికి ఇచ్చే దిండు.

అందరికీ తెలుసు. నాకొక్కదానికే తెలియదు.

ఆ సాయంత్రం నుంచి ఒళ్ళంతా దురద. బాత్రూం బల్బు కింద అద్దంలో చూసుకుంటే కళ్ళు పచ్చగా ఉన్నాయి. కిటికీ దగ్గర చూసుకుంటే తెల్లగా ఉన్నాయి. బల్బుని నమ్మాలో కిటికీని నమ్మాలో తేలలేదు. ఎవరినీ అడగలేదు. దాచేవాళ్ళని అడిగితే నిజం చెబుతారా? వాళ్ళంతట వాళ్ళు బయటపడేదాకా చూద్దామని పళ్ళు బిగబట్టాను. ఏడుపు వచ్చినప్పుడు ఉల్లిపాయలు తరిగాను. ఆ వారం అన్నింట్లోనూ ఉల్లిపాయలే.

మా ఆయన సంగతి తలుచుకుంటే మరీ దిగులేసింది. ఆయనకి పొయ్యి వెలిగించడం రాదు. పిలిచి నేర్పించాను. తాళాలు ఏ అరలో ఉంటాయో, ఆయన బీపీ మాత్రలు ఏ డబ్బాలో ఉంటాయో, చాకలికి ఏ బట్టలు వెయ్యకూడదో చెప్పాను. ఆయన బిక్కమొహం వేశారు.

"ఎక్కడికన్నా వెళ్తున్నావా ఏంటే?"

"వెళ్ళాల్సిన టైమొస్తే వెళ్ళక తప్పుతుందా."

"మీ అక్క దగ్గరికా?"

మా అక్క పోయి చాలా కాలమైంది. చూశారా, నోరు జారారు అనుకున్నాను. ఆయనకి నాలుగో తరగతి నుంచీ మతిమరుపని ఆ క్షణంలో గుర్తు రాలేదు. తర్వాత ఆయన వెళ్ళి మావాడి చెవిలో ఏదో ఊదారు. వాడు తలుపు చాటు నుంచి నన్నొకసారి చూసి వెళ్ళాడు.

ఇంకోటి కూడా చూశాను. పరీక్ష హాల్లో అలవాటు, ఉన్నదాన్ని చూసినట్టే లేనిదాన్ని కూడా చూస్తాను. ఆ చెక్కపెట్టెలో గుండె గడి ఉంది, మెదడు గడి ఉంది, కాలేయం, రక్తం, ఎముకలు అన్నింట్లోనూ చీటీలున్నాయి. 'కిడ్నీలు' అని రాసిన గడిలో మాత్రం మా ఆయన కళ్ళజోడు పెట్టుకుంటున్నారు. బాత్రూం తలుపు ఖాళీ. బాత్రూం గోడ ఖాళీ. ఇల్లంతా జబ్బులు పూసిన మనిషి ఆ ఒక్క చోటు ఎందుకు వదిలేసింది? నా కిడ్నీల సంగతి మరీ ఘోరంగా ఉండి రాయలేదేమో అనుకున్నాను.

ఆదివారం పొద్దున ఓపిక చచ్చింది. గోడల మీద నా పేరున్న చీటీలన్నీ పీకి, భోజనాల బల్ల మీద వరసగా పేర్చాను. హాల్లో పట్టుబడ్డ చీటీలు హెడ్మాస్టరు ముందు పేర్చినట్టే. ముగ్గుర్నీ పిలిచి నిలబెట్టాను.

"ఎంతకాలం దాస్తారు?" అన్నాను. ఇలాగే అడగాలని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

"ఏంటమ్మా దాచేది?" అన్నాడు మావాడు.

"నా క్లోమం."

ముగ్గురూ బల్ల వైపు చూశారు. ముందు మావాడికి నవ్వొచ్చింది. ఆపుకోలేక గోడకి ఆనుకున్నాడు. కోడలు మాత్రం నవ్వలేదు, దాని మొహం పాలిపోయింది.

"అయ్యో అత్తయ్యా. ఇవన్నీ మీ జబ్బులనుకున్నారా?"

"నా పేరు రాసి నాది కాదంటావేంటే?"

"ఇది నా ఐడియానే" అని మా ఆయన గొంతు సవరించుకున్నారు. "పిల్లకి ఎంత చదివినా తలలో నిలబడట్లేదంటే నేనే చెప్పా. చిరునామా లేని ఉత్తరం ఎక్కడికీ చేరదమ్మా, నీ జబ్బులకి కూడా చిరునామా రాసుకో అన్నా. ఒక్కో జబ్బుని ఒక్కో మనిషికి ఇచ్చుకుంది. ఆ మనిషి కళ్ళ ముందుకొస్తే జబ్బు గుర్తొస్తుంది. అది నాకు చూడకుండా అప్పజెప్పాక చీటీ పెట్టెలో పడుతుంది. నాకు గౌటు వచ్చింది చూడు, బొటనవేలు."

"మరి నేను రాగానే ఆపేయడమెందుకు?"

"మీరు ఎదురు ప్రశ్నలడుగుతారు అత్తయ్యా" అంది కోడలు నేల చూస్తూ. "వచ్చింది కూడా మర్చిపోతాను. అదీగాక, మీ పేరు మీద ఎక్కువ జబ్బులున్నాయి. వింటే బాధపడతారని."

"నాకే ఎందుకు ఎక్కువ?"

"మిమ్మల్ని మర్చిపోవడం కష్టమత్తయ్యా. అందుకే గట్టివన్నీ మీకిచ్చాను."

పొగిడిందో తిట్టిందో తేలలేదు. "ఆ దిండేంటి మరి?" అని మావాణ్ణి నిలదీశాను. రెండు కొంటే ఒకటి ఊరికే ఇచ్చారట. మార్కెట్టు సంచి ఎందుకు అందుకున్నావంటే, ఆరోజు అందులో వాడికి కావాల్సిన బ్యాటరీలున్నాయట. రక్తం రిపోర్టు కాగితం సొరుగులోంచి తీసి నా చేతిలో పెట్టాడు. అంతా బాగానే ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. అయినా నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు. చెవిలో పువ్వు పెట్టించుకోవడానికి ముప్పై ఏళ్ళు హాల్లో కాపలా కాశానా?

"సరే. జబ్బులన్నీ మనుషులకి పంచావన్నమాట. అయితే కిడ్నీలు ఎవరికిచ్చావు?"

మావాడి నవ్వు ఆగిపోయింది. కోడలు నా వైపు చూసింది. చీటీతో దొరికిన పిల్లల మొహాలు కొన్ని వందలు చూశాను. అది ఆ మొహం కాదు. గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

"నీకు ఊరుకోవడం రాదామ్మా?" అన్నాడు మావాడు మెల్లగా. "వాళ్ళమ్మ పోయింది కిడ్నీలు పాడయ్యే. మూడేళ్ళు అవస్థ పడింది. ఆస్పత్రిలో పక్కన కూర్చున్నదంతా ఈ పిల్లే. మొన్న పరీక్షలో ఇచ్చింది కూడా అదే జబ్బు మనిషిని. మంచం దగ్గర అలా నిలబడిపోయిందట. మళ్ళీ అదే వస్తే ఏం చెయ్యాలో దానికి తెలీట్లేదు. ఆ వార్డులో సగం మంచాలు వాళ్ళవే."

"నాకెందుకు చెప్పలేదురా?"

"తనే వద్దంది. నువ్వు మళ్ళీ మళ్ళీ అడుగుతావని."

నాకు చాలా కోపమొచ్చింది. మావాడి మీదా, మా ఆయన మీదా, కిటికీ వైపు చూసిన ఆ వియ్యంకుడి మీదా. పేరు చెబితే పోయేదేముంది? ఇంత చిన్న పిల్ల ఇన్నాళ్ళు నా ఇంట్లో తిరుగుతూ నాకు ఇంత మాట చెప్పుకోలేకపోయిందే అని అందరికంటే ఎక్కువ దాని మీద కోపమొచ్చింది. ఆ కోపంలోనే బల్ల మీది ఖాళీ చీటీ ఒకటి, ఎర్ర పెన్ను పట్టుకుని గది తలుపు తోశాను.

మంచం చివర కూర్చుని ఉంది. ఏడవట్లేదు. ఏడ్చినా బాగుండేది.

"రాయి" అని చీటీ చేతిలో పెట్టాను.

"ఏం రాయాలి?"

"అత్తయ్య అని రాయి. కింద కిడ్నీల జబ్బు రాయి."

"వద్దత్తయ్యా. అది మీకివ్వను."

"ఏం, నన్ను క్లోమంతో ఏడాదిలో చంపలేదా? పంచదార డబ్బాలో గుండెపోటు తెప్పించలేదా? దీనికేమొచ్చింది?"

"అవి పుస్తకంలోవి అత్తయ్యా. ఇది నేను చూసింది."

దాని పక్కన కూర్చున్నాను. బాల్కనీలో మా ఆయన రేడియో పెట్టి వెంటనే ఆపేశారు.

"చదవక కాదు అత్తయ్యా" అంది కాసేపటికి. "అంతా వచ్చు. పుస్తకం తెరవక ముందు నుంచే వచ్చు. ఆ రోజు మంచం మీద ఆవిడ పాదాలు వాచి ఉన్నాయి. వేలితో నొక్కి చూడాలి. వేలు తీశాక గుంట పడితే ఒంట్లో నీరు నిలిచిందని లెక్క. నా వేలు ముందుకి వెళ్ళలేదు. అమ్మ పాదం రోజూ పొద్దున్నే నేనే నొక్కి చూసేదాన్ని. ఇవాళ గుంట ఎంత పడిందే అని అడిగేది. తక్కువే పడిందమ్మా అని అబద్ధం చెప్పేదాన్ని."

ఓదార్చడం నాకు చేతకాదు, ఎప్పుడూ చేతకాలేదు. లేచి మంచం మీద పూర్తిగా వెనక్కి జరిగి, చీర కుచ్చిళ్ళు కాస్త పైకి లాగి, నా కాలు దాని ఒళ్ళోకి చాపాను.

"నొక్కు" అన్నాను.

"అత్తయ్యా."

"నొక్కమంటున్నానా. నేను రోగిని. నువ్వు డాక్టరువి. టైమైపోతోంది."

చాలాసేపు చూసింది. తర్వాత బొటనవేలు చీలమండ పైన పెట్టింది. పెట్టిందంతే, నొక్కలేదు. దాని వేలు చల్లగా ఉంది. నేను ఊరుకున్నాను. నేను నిజంగా ఊరుకోవడం అదే మొదటిసారేమో. ఆఖరికి నొక్కి, కాసేపు అలాగే ఉంచి, తీసి, వంగి చూసింది.

"గుంట పడలేదు" అంది.

"పడకపోతే పడిందనుకో. పరీక్షకే కదా. తర్వాతేం చూస్తావు?"

"మొహం చూస్తాను. పొద్దున కళ్ళ కింద వాపుందా అని. తర్వాత రక్తం తక్కువైందేమో చూస్తాను." నా కింది రెప్ప లాగి చూసింది. "బీపీ చూస్తాను. మూత్రం ఎంత వస్తోందని అడుగుతాను. ఆకలి లేదా, వాంతులవుతున్నాయా, దురదగా ఉందా అని అడుగుతాను."

"దురద నాకు వారం నుంచీ ఉంది."

అప్పుడు నవ్వింది. నవ్వుతూనే కళ్ళనీళ్ళు కారాయి. ఆ కన్నీళ్ళతోనే చీటీ నిండా రాసింది. 'అత్తయ్య' అని పైన గట్టిగా ఒత్తి రాసింది. నేనే తీసుకెళ్ళి బాత్రూం తలుపుకి అంటించాను. మా ఆయన చూసి, నీ పేరు మీద అదెందుకే, ఎవరన్నా తథాస్తు అంటారేమోనని సణిగారు. "అంటే అననీండి, ఇంట్లో డాక్టరుంది" అన్నాను.

ఆ తర్వాత రోజూ పొద్దున్నే వార్డుకి వెళ్ళే ముందు నా కాలు నొక్కి వెళ్ళేది. నేను టీ తాగుతూ కాలు చాపేదాన్ని. మొదట్లో వేలు పెట్టడానికే అంతసేపు పట్టేది, తర్వాత తర్వాత చకచకా నొక్కి, ప్రశ్నలడిగి, బ్యాగు తీసుకుని పరిగెత్తేది. నేను ఎదురు ప్రశ్నలు వేసేదాన్ని. జవాబులు తప్పులో ఒప్పులో నాకేం తెలుసు? తెలిసినట్టు మొహం పెట్టడం మాత్రం తెలుసు. ఒకరోజు చెప్పు పట్టీ దగ్గర చిన్న గుంట కనబడితే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. పట్టీ బిగుతని తేలాక ఆ చెప్పులు పారేయించింది. అవి బాగానే ఉండేవి.

పరీక్ష రోజు నన్నెవరూ కదిలించలేదు. నాకు తిండి సయించలేదు. మధ్యాహ్నం బస్టాపు కనబడే కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మళ్ళీ మంచం దగ్గర నిలబడిపోయిందేమో, ఏ పార్కులోనో కూర్చుని ఏడుస్తోందేమో, మావాడికి ఫోను చేసి నాకు చెప్పొద్దందేమో. ఇవన్నీ అనుకుంటూ ఉంటే, మెట్ల మీద దాని అడుగుల చప్పుడు వినబడింది. గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. మొహంలో ఏమీ తెలియలేదు.

"ఏ కేసిచ్చారు?" అన్నాను.

"మిమ్మల్నే అత్తయ్యా."

కుర్చీలోంచి లేచాను. "నొక్కావా?"

"నొక్కాను."

"గుంట పడిందా?"

"పడింది" అంది. తెల్లకోటు మడత పెట్టి కుర్చీ మీద వేసింది. మళ్ళీ తీసి మళ్ళీ మడత పెట్టింది. "పక్కన ఆ రోగి కూతురు నిలబడి ఉంది. చిన్నపిల్ల, ఇంటరు చదువుతోందట. పరీక్ష పెట్టే మేడమ్‌గారు అటు తిరిగినప్పుడు నా దగ్గరికొచ్చి, గుంట ఎంత పడిందక్కా అని అడిగింది."

"నువ్వేం చెప్పావు?"

"ఎంత పడిందో అంతే చెప్పాను. రేపు నొక్కేటప్పుడు ఎక్కడ నొక్కాలో కూడా చూపించాను."

పాసవుతావా అని అడిగాను. "అవుతాననే అనుకుంటున్నాను" అంది. ఫలితాలు వచ్చేదాకా నేను నమ్మనని చెప్పాను. పరీక్ష బాగా రాశామని చెప్పినవాళ్ళని బోలెడుమందిని చూశాను. కాళ్ళు కడుక్కుని రా, భోంచేద్దువుగాని అన్నాను.

అది బాత్రూంలోకి వెళ్ళేముందే తలుపు మీది చీటీ పీకాను. చెక్కపెట్టె దగ్గరికెళ్ళి, కిడ్నీల గడిలోంచి మా ఆయన కళ్ళజోడు తీసి, చీటీ అందులో వేశాను. కళ్ళజోడు ఎక్కడ పెట్టానో నాకే గుర్తులేదు. ఆయన ఇంకా వెతుకుతూనే ఉన్నారు.